మామగారి కొండరాయి రోలు

మొన్న మావాడి కొత్త వంటింటికి గట్టురాయి ఎంచాలని నన్ను కూడా విశాఖపట్నంలో రాళ్ళ దుకాణానికి తీసుకెళ్ళారు. దుకాణదారు అద్దంలా మెరుస్తున్న నల్లటి పలక మీద అరచేత్తో చరిచి, "బ్లాక్ గ్రానైట్ మామ్మగారూ, దీనికి తిరుగులేదు" అన్నాడు. గ్రానైట్ అంటే తెలుపూ బూడిదా గులాబీ పలుకులు కలిసిన రాయి బాబూ, ఇది భూమి లోపల కరిగి గట్టిపడిన రాయే గాని రకం వేరు, అన్నాను. "మీ కాలంలో ఇవి లేవులెండి" అన్నాడు. రాళ్ళు నా కాలంలో లేవట! వెనకాల మా కోడలు మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేదని ఆ అమ్మాయి అనుకుంటోంది. రాళ్ళ విషయంలో నన్ను చిన్నబుచ్చినవాళ్ళు ఒకరిద్దరు కారు. దుకాణదారు ఆఖరివాడు, అంతే. మొదటివారు మా జాగ్రఫీ మాస్టారు.

ఆయన అనకాపల్లిలో మాకు పాఠం చెప్పేవారు. మంచివారే, పాఠం బాగానే చెప్పేవారు, ఆ మాట కాదనను. రాళ్ళు మూడు జాతులు అని మొదలుపెట్టి మమ్మల్ని తిన్నగా బెల్లం గానుగ దగ్గరికి తీసుకెళ్ళిపోయారు, మాటల్లోనే. భూమి కడుపులో రాయి పెనంలో పాకంలా కుతకుతలాడుతూ ఉంటుంది. లోపలే ఉండి నింపాదిగా చల్లారితే పటికబెల్లంలా పెద్ద పలుకులు కడుతుంది, అది గ్రానైట్. పైకి పొంగి గబుక్కున చల్లారితే పలుకే కనపడకుండా నున్నగా బిగుస్తుంది. ఈ రెండూ అగ్నిశిలలు. ఇక శారదా నదికి వరదొచ్చి తీశాక పొలంలో ఒండ్రు పొర మిగులుతుంది కదా, బరువైన ఇసక అడుగున, మెత్తటి బురద పైన. అలా సముద్రం అడుగున పొర మీద పొర పడి, పైబరువుకి అణిగి అణిగి రాయైతే అది అవక్షేపశిల. మూడోది ఇటుకబట్టీ. పచ్చి ఇటుక బట్టీలో కరగదు, అయినా బయటికొచ్చాక అది మట్టీ కాదు. అలాగే పాతరాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ కరక్కుండానే మరో రాయిగా మారితే రూపాంతరశిల. మన చుట్టుపక్కల కొండలు చాలామట్టుకు ఈ మూడో జాతేననీ, కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద దాన్ని ఖొండలైట్ అంటారనీ, ఒకప్పటి బురదే అలా అయిందనీ చెప్పి, ఒక ముక్క పైకెత్తి చూపించారు. దాన్నిండా దానిమ్మగింజల్లాంటి ఎర్రటి పలుకులు. "కొత్తగా పగలగొడితే గట్టిదే, కాని ఎండకి ఎండి వానకి నానితే ఇది నమ్మదగ్గ రాయి కాదు" అన్నారు. ఆ ముక్కని మగపిల్లల బెంచీలన్నిటికీ తిప్పారు. మా ఆడపిల్లల బెంచీ దాకా వచ్చేసరికి తీసి సంచీలో వేసేసుకున్నారు. "మీకెందుకమ్మా రాళ్ళు? వంటింట్లో కావలసినన్ని ఉంటాయి" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో కూడా చెప్పగలను.

మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో నాకు చోడవరం సంబంధం కుదిరింది. మా మామగారూ వాళ్ళ అన్నగారూ అప్పుడే వేరుపడ్డారు. పంపకాల్లో పాతకాలపు నల్లరాతి రోలు అన్నగారింటికి పోయింది, చీడికాడ వైపు కొండవార పొలం మామగారి వంతుకి వచ్చింది. ఆ పొలం మధ్య తాతలనాటి నుంచీ ఒక పెద్దబండ పడి ఉండేదట. రోలు పోయిందన్న ఉక్రోషంతో ఆయన ఆ బండనే కొట్టించి, దానితోనే పొత్రం కూడా చెక్కించి, పెళ్ళిపసుపు నాటికి బండి మీద ఇంటికి తెప్పించారు. "ఒకడి ముందు సెయ్యి సాపక్కర్లేదు. మన బూవిలో రాయి, మన ఇంట్లో రోలు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. కొందరు కొత్తకోడల్ని చూడ్డానికి వచ్చి, రోలు చూసి వెళ్ళిపోయారు. అది కూడా నాకు గుర్తే. అలా ఆ రోలూ నేనూ ఒకే నెలలో ఆ ఇంటికొచ్చాం. వచ్చిన కొద్ది రోజులకే తిండిలో రాళ్ళు తగలడం మొదలైంది. తప్పు ఇద్దరిలో ఎవరిదో తేల్చాలి. రోలు మామగారి పొలంలోది. నేను అనకాపల్లి దాన్ని.

అట్టు ముక్క నోట్లో పెట్టుకుంటే కర్రుమనేది. పచ్చడి కలుపుకుంటే కర్రుమనేది. "ఏటే అమ్మీ, మీ పుట్టింట్లో పప్పూ రాళ్ళూ కలిపే నానబెట్టుకుంటారేటి?" అనేది అత్త. నేను మినపగుళ్ళు చేటలో పోసి ఎండకెదురుగా కూచుని ఏరేదాన్ని. ఏరినవి మళ్ళీ ఏరేదాన్ని. కడిగి, గాలించి, చేత్తో అడుగు దేవి చూసుకునేదాన్ని. అయినా కర్రుమనేది. వడ్డించి తలుపు వార నిలబడి, ఎవరి దవడ ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ ఉండేదాన్ని. దవడ ఆగిందంటే నా గుండె కూడా ఆగేది. నా భోజనంలో నాకు రుచి తెలిసేది కాదు, పళ్ళ మధ్య రాయి ఉందో లేదో అదొక్కటే తెలిసేది. ఆడపడుచు పురిటికి పుట్టింటికొచ్చి ఉండేది. వట్టిమనిషి కాదు కదా, ఆమె పంటికింద రాయి తగిలినప్పుడల్లా నేరం రెట్టింపయ్యేది.

వడ్డాది నుంచి అత్తగారి అన్నగారు వచ్చిన రోజు గారెలు వండాను. ఆయన రెండో గారె కొరికి, ఆగి, నోట్లో వేలు పెట్టి ఎర్రటి పలుకొకటి తీసి, దాంతోపాటు తన పన్ను ముక్క కూడా తీసి అరచేతిలో పెట్టుకున్నారు. "ఒసే సెల్లీ, నీ కోడలు గారెల్లో కెంపులెట్టి వండిందే! మాకు పళ్ళూడగొట్టి కట్నవిస్తందేటి?" అన్నారు. అందరూ నవ్వారు, అత్త తప్ప. ఆ సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి చెప్పింది. "మన పిల్ల సీమంతానికి దేవరాపల్లి నుంచి ఇయ్యపురాలు వస్తంది. ఆవిడ నోట్లో గానీ రాయి పడిందంటే, ఆ మర్నాడే నిన్ను మీ నాన్నకాడ దింపేస్తాను. పప్పేరడం నేర్సుకున్నాక వద్దువు గాని."

మా వీధిలోనే ఒకావిడ అలా 'నేర్చుకుని రావడానికి' వెళ్ళి, ఎవరూ తీసుకురాక, పుట్టింట్లోనే ఉండిపోయింది. ఆవిడ సంగతి అందరూ గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ రోజు నుంచీ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పెట్టె సర్దుకుంటున్నట్టూ, జట్కా మా నాన్న గుమ్మం ముందు ఆగినట్టూ, ఆయన ఏమీ అడక్కుండా నా వైపు చూస్తున్నట్టూ పగటిపూట కూడా కళ్ళకి కట్టేది.

సీమంతం దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం రోలు కడుగుతూ ఉంటే గుంటలో గోటికి గరుగ్గా తగిలింది. వంగి చూశాను. రాతిలో ఎర్రటి పలుకులు. ఒకచోట పలుకు ఊడిపోయి చిన్న గుంట మిగిలింది. వడ్డాది మామగారి పంటికింద పడింది ఇదే ఎరుపు. కోమటి కొట్టు మినుముల్లో తెల్లరాళ్ళొస్తాయి, నల్లరాళ్ళొస్తాయి, ఎర్రరాయి నేనెన్నడూ ఏరలేదు. మాస్టారు నా బెంచీ దాకా రానివ్వని రాయి ఇదే. తరతరాలు వానకి నానిన బండ, పొత్రం తిరిగినప్పుడల్లా గింజ గింజా రాలుస్తోంది.

ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను. "నువ్వు సెప్పింది నిజవే అయ్యుంటది. కానీ ఆ రాయి మాట నాను నాన్నతో అన్నానంటే, నీతోపాటు నన్నూ మీ నాన్నకాడ దింపేస్తాడు" అన్నారు. పోనీ పక్కింట్లో రుబ్బుకొస్తానని అత్తనడిగితే, "ఇంట్లో రోలెట్టుకుని ఒకరి గుమ్మం తొక్కుతావా? మీ మావ ఊరుకుంటాడేటి?" అంది. ఎటు కదిలినా ఆ రాయే అడ్డం.

సీమంతానికి ముందు రోజు పొద్దున్న, మినుములు ఇంకా నానుతుండగానే, నేనొక పని చేశాను. రోలూ పొత్రమూ రుద్ది రుద్ది కడిగాను. గుంటలో మంచినీళ్ళు పోశాను. పప్పు లేదు, బియ్యం లేదు, ఉత్త నీళ్ళు. పొత్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. రాయి మీద రాయి గరగరలాడి ఇల్లంతా వినిపించింది.

ఉత్తరోలు తిప్పితే ఇంటికి అరిష్టమని మా వైపు గట్టి నమ్మకం. ఆ సంగతి నాకు తెలియక కాదు. అందులోనూ ఇంట్లో నిండుచూలాలు. అత్త పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో ఓలమ్మో! ఉత్తరోలు తిప్పేస్తందిరా నాయనో! దీనికి మతి పోయిందిరా!" పక్కిళ్ళ ఆడవాళ్ళు గోడల మీంచి తలలెత్తారు. ఆడపడుచు పొట్ట మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడిపోయింది. అయినా నేను ఆపలేదు. అప్పుడు ఆపేసి ఉంటే అరిష్టం నా మీదే ఉండిపోయేది, రుజువు మాత్రం దొరికేది కాదు. మామగారు వీధరుగు మీంచి లేచి వచ్చేసరికి ఆ నీళ్ళు ముంతతో తోడి, ఆయన టీ తాగే గాజుగ్లాసులో పోసి, గట్టు మీద పెట్టాను. వేలితో చూపించాను, అంతే.

గ్లాసులో నీళ్ళు బూడిదరంగుగా సుళ్ళు తిరిగి నెమ్మదించాయి. ముందు ఎర్రపలుకులు దిగి అడుగున వరసకట్టాయి. వాటి మీద సన్నటి ఇసక. ఇసక మీద తెల్లగా సుద్దలాంటి బురద. మాస్టారి పాఠంలో రెండో జాతి రాయి నా కళ్ళముందు పుడుతోంది. చూస్తున్నవాళ్ళెవరికీ ఆ సంగతి పట్టలేదు, వాళ్ళు మామగారి మొహం చూస్తున్నారు. ఆయన పైనీళ్ళు ఒంపేసి, అడుగున ఉన్నదాన్ని వేలితో తీసి, బొటనవేలితో నలిపారు. తర్వాత నోట్లో వేసుకుని కొరికారు. కర్రుమన్న చప్పుడు గోడ అవతలివాళ్ళకి కూడా వినపడే ఉంటుంది. ఆయన నా వైపు చూడలేదు. రోలు వైపూ చూడలేదు. కండువా భుజం మార్చుకుని, "ఉత్తరోలు తిప్పేసేక ఇంకది ఇంట్లో ఉండకూడదు. తీయించెయ్యండి" అని మళ్ళీ వీధిలోకి వెళ్ళిపోయారు.

అత్తకి ఆ మాట ఊతకర్రలా దొరికింది. "సూసేరా, లచ్చణంలాటి రోలు! దీని మూలంగా గడప దాటిపోతంది" అని గోడల మీది తలలన్నిటికీ చెప్పింది. పాలేర్లు రోలుని పశువులశాల పక్కకి దొర్లించారు. మినుములు పక్కింట్లో రుబ్బుకొచ్చాం, ఈసారి ఎవరి గుమ్మం తొక్కినా తప్పు లేకపోయింది. మర్నాడు దేవరాపల్లి వియ్యపురాలు గారెలు అడిగి మరీ వేయించుకుంది. ఆవిడ దవడ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను తలుపు వార నిలబడి ఆఖరి ముక్క దాకా చూశాను. "ఎంత మెత్తగున్నాయి వదినా!" అందావిడ. "నానే దగ్గరుండి పప్పేరేను కదా" అంది అత్త.

నన్నెవరూ పుట్టింటికి దింపలేదు. ఆ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాత నల్లరాతి రోలొకటి కొన్నారు, అందులో రుబ్బింది ఎప్పుడూ కర్రుమనలేదు. కాని ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, కొత్తగా వచ్చిన చుట్టాలకి అత్త కథ ఒక్కలాగే చెప్పేది. కొత్తలో కోడలికి పప్పేరడం రాదనీ, పెళుసుదనీ, ఉత్తరోలు తిప్పి బంగారంలాంటి సొంత రాయిని ఇంట్లోంచి పంపేసిందనీ. చుట్టాలు నా వైపు చూసి నవ్వేవారు. గాజుగ్లాసు ఆ కథలో లేదు. మామగారి పళ్ళు కూడా లేవు. పశువులశాల పక్కన ఆ రోలు ఏటేటా వానకి పెళ్ళలు ఊడి, అంచు అరిగి, చివరికి కోళ్ళు నీళ్ళు తాగడానికి కూడా పనికిరాకుండా పోయింది. ఒకప్పటి బురద రాయై, కొండై, బండై, మా ఇంట్లో కొన్నాళ్ళు రోలై, మళ్ళీ బురదలో కలిసింది. దాన్ని అడిగేవాళ్ళెవరూ లేరు.

అత్త మంచాన పడ్డాక జావ పట్టేది నేనే. చెంచాతో పట్టిస్తూ ఒకసారి అడిగేశాను. "అత్తా, నిజం చెప్పు. ఆ రోజుల్లో పప్పులో రాళ్ళుండేవా?" ఆవిడ జావ మింగి, కళ్ళు మూసుకుని, బాగా ఆలోచించి, "రోలు మంచిది కాదులే" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంకో చెంచా నోటి దగ్గర పెట్టాను. అది కూడా మింగాక, "పప్పులోనూ ఉండేవి" అంది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ గ్లాసు చూసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. బురద రాయవడానికీ రాయి మళ్ళీ బురదవడానికీ పట్టినంత కాలం మనిషికెవరికీ ఇవ్వరు. నాకిచ్చిన కొద్ది కాలమూ పూర్తి కాకముందే ఈ ఒక్క మాట చెప్పేస్తున్నాను: ఆ పప్పులో రాళ్ళు లేవు.