రెండో చరణం చీర

పాట మనసులో మాటలుగానే మిగులుతుందని చదువుకున్నవాళ్ల నమ్మకం. సూరత్ బట్టల బజారులో ఒక్క పూట కూర్చుంటే ఆ నమ్మకం సడలిపోతుంది. అక్కడికొచ్చే వ్యాపారులకు పల్లవితో పనిలేదు. "ఆ సముద్రం పాటలో, రెండో చరణంలో కట్టిన చీర కావాలి" అంటారు. శుక్రవారం సినిమా పాట ఫోన్లలోకి వస్తే, మళ్లీ శుక్రవారానికల్లా ఆ చీర లారీ ఎక్కాలి. ఆలస్యమైతే పక్క మిల్లువాడిది ఎక్కుతుంది.

ఆ చీరకు రంగు తేల్చేది నర్సింగం. సూరత్‌లోని పాండేసరలో ఒక రంగుల మిల్లులో కలర్ మాస్టర్. సిరిసిల్ల పక్క పల్లెనుంచి పద్దెనిమిదేళ్లప్పుడు వచ్చి, రంగు బకెట్లు మోసి మోసి మాస్టరైనవాడు. ఇప్పుడు యాభై ఏడు. గుడ్డముక్క పెడితే రంగు కొలిచే యంత్రం మిల్లులో ఉంది. కానీ ఫోన్ తెరమీద గాలికెగిరే కొంగును అది కొలవలేదు. పాటను ఆపి, వెనక్కి జరిపి, చీర ఎండలో ఎలా ఉంది, నీడలో ఎలా ఉంది అని చూసి నర్సింగమే చెప్పాలి. మనవాళ్లు రంగులకు ఎంత చక్కటి పేర్లు పెట్టారు! ఉల్లిపొర, వంగపండు, కనకాంబరం, నెమలికంఠం. అన్నీ ఊళ్లో కనబడేవే. నర్సింగానికి అవి పేర్లు కావు, జీతం.

ఫిబ్రవరిలో ఒకనాడు భార్య సారక్క నల్లదారం తెమ్మంటే నీలం తెచ్చాడు. ఆమె నవ్వింది, అతనూ నవ్వాడు. తర్వాత ఒంటరిగా నిలబడి ఎడమకన్ను మూసి గోడను చూశాడు. సున్నంగోడ పసుపునీళ్లు చల్లినట్టుంది. కుడికన్ను మూస్తే తెల్లగానే ఉంది. రోజూ అలా చూసుకునేవాడు. ఎండలు ముదిరేసరికి ఏ కన్ను మూసినా పసుపే.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. వెక్కిరించడానికి పుట్టిన మాట. ఆ రోగి ఎంత బెదిరిపోయి ఉంటాడో సామెత కట్టినవాడికి పట్టలేదు.

నర్సింగం ఎవరికీ చెప్పలేదు. అతనికంటే ముందున్న మాస్టర్ మొండయ్యకు చూపు మందగిస్తే మిల్లు యజమాని శేఠ్ గేటు దగ్గర కాపలాకు స్టూలు వేయించాడు. జీతం మూడో వంతుకు దిగింది.

అంతలో సముద్రం పాట వచ్చింది. నర్సింగం మూడు ముక్కలకు రంగు వేయించి, వెనుక అంకెలు వేసి, పొద్దున పదింటికి మూడోది ఖాయం చేశాడు. చేసిన క్షణంనుంచి అది సరైనదో కాదో తేలక ముక్కలు మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. మధ్యాహ్నం ఆ ముక్కలు జేబులో పెట్టుకుని డిండోలి పేటలోని ఇంటికొచ్చాడు. ఆ రోజుల్లో వాళ్ల పక్కగదిలో నేను నెల్లాళ్లు అద్దెకున్నాను; గోడ పలచన, మాటలన్నీ వినబడేవి.

సారక్క ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికిస్తుంది. ఎదురుగా గోడకానించిన ఫోన్‌లో పొద్దస్తమానం పాటలే.

"ఏందయ్యా, గిప్పుడొచ్చినవ్? మిల్లుకు తాళమేసిండ్రా?"

"ఏమే, జర గీ మూడింట్ల పాటల చీర ఏదో చెప్పు. ఉత్తగనే, నీ కండ్లెట్లున్నయో చూస్త."

ఆమె పాట ఆపి ముక్కలను తెర పక్కన పెట్టింది. "ఒకటోది. గీ మూడోదేంది కరివేపాకు లెక్కున్నది? ఎవడు కలిపిండు, గుడ్డోడా?"

"మంచిగ చూడు."

"ఏం జూడాలె? పోరగాండ్లను అడుగు, చెప్తరు." అంటూనే అతని మొహం చూసింది. "నువ్వు మూడోదన్నవా?"

"పాస్ చేసిన. రెండింటికి గుడ్డ మిషన్ల పడ్తది. నాలుగువేల చీరలు."

"గట్లయితే గీడ కూసున్నవేంది? లే!"

షేర్ ఆటోలో పాండేసర దాకా కనబడిన ప్రతిదానికీ మనసులో రంగు చెప్పుకున్నాడు. బస్సు నీలమా? ఆ పిల్ల చున్నీ? దేనికీ నమ్మకం చిక్కలేదు. దారి పొడుగునా ఒక అబద్ధం మాత్రం సిద్ధం చేసుకున్నాడు: ఎండలో చూస్తే తేడా తెలిసిందని.

గుడ్డ అప్పటికే రంగేసే యంత్రం పక్కకు వచ్చింది. శేఠ్ అక్కడే ఉన్నాడు.

"ఆపుండ్రి. ఒకటో నంబరు వేయాలె," అన్నాడు నర్సింగం.

శేఠ్ నవ్వుతూ హిందీలో, "ఏం మాస్టర్, అన్నం తినొచ్చేసరికి పాట మారిందా?" అని ఫోన్ తీసి పాట ఆపి, ముక్కలందుకుని అంకెలు కనబడకుండా రెండు ఎత్తిపట్టాడు. "ఏది?"

దారిలో కట్టిన అబద్ధం ఇక్కడ పనికిరాలేదు. నర్సింగం కంటికి శేఠ్ చేతిలో ఉన్నవి రెండూ ఒక్కటే.

"నాకు తెలుస్తలేదు శేఠ్. ఒకటోదని మా ఇంటామె చెప్పింది."

శేఠ్ మరో ఇద్దరిని పిలిచి చూపించాడు. ఇద్దరూ ఒకటోదే అన్నారు. గుడ్డ దక్కింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఫిబ్రవరి నుంచి."

ఫిబ్రవరి నుంచి వెళ్లిన సరుకంతా శేఠ్ మొహంలో ఒకసారి కదిలింది. "కంట్లో పొర అది. ఆపరేషన్ చేయించుకో. పట్టీ విప్పాక రా. నాకు తోచిన పాట పెడతా. చీర రంగు చెప్తే నీ కుర్చీ నీదే." చెప్పలేకపోతే ఏమిటో గేటు దగ్గరి స్టూలు చూస్తే చాలు.

ఆపరేషన్ గురువారం. చూపు రాకపోయినా శేఠ్‌కు రంగు చెప్పేందుకు నర్సింగం, సారక్క చదువు మొదలుపెట్టారు. గోడ అవతలనుంచి నాకు వినబడేది: పాత పాటలు, కొత్త పాటలు, ఒక్కో చరణం దగ్గర ఆపడం, సారక్క రంగు చెప్పడం, అతను తిరిగి చెప్పడం. "వానపాట, పల్లవి, చామంతి. రైలుపాట, మొదటి చరణం, వంగపండు." తప్పితే మళ్లీ మొదటికి.

బుధవారం సాయంత్రం ఆమె పాట మధ్యలో ఆపేసింది.

"శేఠ్ అడిగేది ఒక్క పాట. మిషన్ల గుడ్డ రోజుకొక్క తీరు పడ్తది. అన్ని బట్టీ పడ్తవా?"

"భయమైతుందే."

"నాకు గాదా? ఇగ నేను చెప్ప."

ఫోన్ బోర్లా పెట్టి, ఒళ్లో ఉన్న చీరకు రాయి అతికించసాగింది. నేను వాళ్ల తలుపు దగ్గరే ఉన్నాను. నర్సింగం ఆ చీరవైపు చూశాడు. దాని రంగేమిటని అడగబోయి మానుకుని, ఎడమకన్ను మూసి తనే చూడసాగాడు.