పట్టపగలు ప్రొజెక్టర్

ఆ రోజుల్లో మా పేట వ్యాసర్పాడిలో పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్ అంటే రాత్రిపూటే ఉంటుందని అందరి నమ్మకం. అప్పటిదాకా చూసినవన్నీ రాత్రే చూశాం మరి. అందుకే మహిళల ప్రపంచ కప్పు ఫైనల్‌ను సందులో గోడమీద వేద్దామని మా కోచ్ మామ ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చినప్పుడు, ఆట ఆస్ట్రేలియాలోననీ, మనకది ఎండవేళ మొదలవుతుందనీ ఒక్కరికీ తట్టలేదు (నాకూ తట్టలేదు గానీ, మామను తిట్టుకోవడానికి అది అడ్డం రాలేదు).

"గోడ తప్ప ఏమీ కనపడ్లేదు మామా," అన్నాను.

"కొంచెం పొరు, ఓపిక పట్టు పాపా, కన్ను అలవాటు పడతాది," అన్నాడు, తనకేదో కనిపిస్తున్నట్టు.

నా బాధ వేరు. ఫైనల్ జరిగే ఆ ఆదివారంతో నన్ను ఫుట్‌బాల్ ఆట మానెయ్యమని అమ్మ తేల్చి చెప్పేసింది. "నిక్కర్లేసుకోని పరిగెత్తే ఆడపిల్లని చూసేదానికి ఎవురొస్తారు?" అని ఆమె వాదన. ఎవరొస్తారో ఒక్కసారి చూడమని ఎంత బతిమాలినా, పనుందని రాలేదు.

ఇక చీకటి చేసే పని మొదలైంది. టార్పాలిన్లు, దుప్పట్లు, వీధిలో ఆరేసిన బట్టలు, చేతికందినవన్నీ తెచ్చి సందు చుట్టూ కట్టేశాం. లోపల ఉక్కకు ప్రాణాలు పోతున్నాయి. గోడమీద చీమల్లాంటివేవో కదలసాగాయి. బంతి ఎక్కడంటే మామ ఒక్కోసారి ఒక్కోచోట వేలు పెట్టాడు. తీరా ఒక చీమ పరుగందుకున్నప్పుడు పక్క తెర ఊడి, ఎండంతా లోపలికొచ్చింది. గోడమీద ఏమీ లేదు. స్పీకర్లో గోల్ పడిన హోరు మాత్రం ఉంది. వెనక్కి చూస్తే అమ్మ.

"నా కొత్త చీర మీకు పరదానా?"

"గోల్ పోయింది కదమ్మా," అన్నాను ఏడుపు గొంతుతో.

హోరు ఆగలేదు. అమ్మ అటు చెవి పెట్టింది. "ఏందా గోల? ఎంతమంది ఉండారు?"

"స్టేడియం నిండా."

"ఆడపిల్లోలు ఆడేది చూసేదానికా?"

"అవును," అన్నాను కోపంగా.

కట్టిన తాడు తెగిపోయింది కాబట్టి చీరను అమ్మ తానే రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఆట అయ్యేదాకా ఆ కంత మూసి నిలబడింది. తిరిగితే చీర జారుతుందని గోడవైపు ఒక్కసారీ చూడలేదు.

నేనేమో గోల్ పోయిందని మూతి ముడుచుకునే పడుకున్నాను. ఇప్పుడు బడిలో ఆడపిల్లలకు ఆట నేర్పుతూ, ఆ ముడిచిన మూతి గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఎందుకంటే మర్నాడు తెల్లవారుజామున ప్రాక్టీసుకు నన్ను తట్టి లేపింది అమ్మే.