చాయ్ తర్వాత పక్షం మార్చాలి

మా బడిలో ఆటసామాన్ల గది తలుపు తీయగానే ఇప్పపువ్వు వాసన గుప్పుమంటుంది. కొత్తగా చేరిన పిల్లలు ముక్కులు మూసుకుని, ఆట నేర్పే నా వంక అనుమానంగా చూస్తారు. గదిలో ఇప్పసారా లేదు తల్లుల్లారా, ఉన్నది ఒక పాత గోనెసంచి. మా రగ్బీ బంతులన్నీ అందులోనే ఉంటాయి. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన వదల్లేదు. ఎప్పుడైనా పోతుందేమోనన్న భయంతో ఈమధ్య ఉతకడమే మానేశాను. ఆ సంచి లింగయ్య మామది.

శబరి నది ఒడ్డున కుంట అనే ఊళ్లో మెయిన్ రోడ్డు మీద ఆయన కొట్టు. ఉప్పూ నూనే అమ్మేవాడు, అడవి నుంచి వచ్చే ఇప్పపువ్వూ చింతపండూ కొనేవాడు. మాది ఎర్రబోరు దగ్గర పల్లె. చదువు కోసం కుంటలో పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. ఆ ఇంటికీ కొట్టుకీ మధ్య ఒకటే గోడ. వరుసకు ఏమీ కాకపోయినా మామా అని పిలిచేదాన్ని. ఆయన నాకు రగ్బీ నేర్పలేదు. ఆ బంతిని సరిగ్గా పట్టుకోవడం కూడా ఆయనకు చేతకాదు, పుచ్చకాయను మోసినట్టు పొట్టకు ఆనించుకునేవాడు. ఆయన నాకు నేర్పింది వాదించడం.

కొట్లో ఒక టీవీ ఉండేది. ఓసారి క్రికెట్ కోసం ఛానెళ్లు తిప్పుతూ రగ్బీ ప్రపంచ కప్పు దగ్గర ఆగిపోయాడట. బంతి పెట్టుకుని ఆడే కబడ్డీ అనుకున్నాడట. నియమాలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ దక్షిణాఫ్రికా వాళ్ల భుజాలు తెగ నచ్చేశాయి. ఆ రోజు నుంచి ఆయన వాళ్ల మనిషి. నేనేమో అప్పటికే బడి జట్టులో ఆడుతున్నాను, పైగా న్యూజిలాండ్ అంటే ప్రాణం. ఇంకేముంది, ఉప్పూ నిప్పూ ఒకచోట చేరాయి.

నేను ఆడే స్థానం ఫ్లై హాఫ్. గుంపులోంచి బయటపడిన బంతి ఒక చెయ్యి మారి దాదాపు ఎప్పుడూ చేరేది ఆ మనిషి చేతికే. దాన్ని పట్టుకుని పరిగెత్తాలా, పక్కవాళ్లకు అందించాలా, ముందుకు తన్నాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. మా తగువంతా దాని మీదే. సాయంత్రం బేరాలు తగ్గగానే మామ గల్లాపెట్టె పక్కన చింతగింజలు పరిచేవాడు. అవే ఆటగాళ్లు.

"మీ న్యూజిలాండ్ పిల్లగాడు ఎదుటోళ్లకు గంత దగ్గరికి పోయి నిలబడితే ఏం కనబడతది? గోడకు ముక్కు ఆనిచ్చి గోడ ఎంత పొడుగుందో చెప్పుమన్నట్టుంది."

"దగ్గర నిలబడితేనే గదా మామా, ఎదుటోళ్లకు ఊపిరాడదు. మీవోడు అంత ఎనక నిలబడి ఏం జేస్తడు? తన్నుడే గదా. చేతికొచ్చిన బంతిని పగోళ్లకు ఇచ్చేసుడు ఏం ఆట?"

"ఇచ్చుడు కాదే పిచ్చిపిల్లా, పంపుడు!"

ఐర్లాండ్ మాట వస్తే మాత్రం ఇద్దరం ఒకటయ్యేవాళ్లం. వాళ్లు బంతిని పేరంటంలో పసుపు గిన్నెలా చేతులు మార్చుతూనే ఉంటారని నవ్వుకునేవాళ్లం. ఫ్రాన్స్ అంటే ఇద్దరికీ మురిపెం. "ఏం జేస్తరో వాళ్లకే తెల్వదు, ఇగ ఎదుటోళ్లకు ఎట్ల తెలుస్తది?" అనేవాడు మామ.

ఇంతలో అత్త లోపలి నుంచి చాయ్ తెచ్చేది. అప్పుడు మొదలయ్యేది అసలు పరీక్ష. గ్లాసులు ఖాళీ అవగానే పక్షం మార్చాలి. నేను దక్షిణాఫ్రికా తరఫున, ఆయన న్యూజిలాండ్ తరఫున వాదించాలి. అది వాళ్ల నాయన దగ్గర్నుంచి వచ్చిన పద్ధతట. తూకం దగ్గర తగాదా వస్తే ఆ పెద్దాయన అమ్మడానికి వచ్చినవాళ్లను గల్లాపెట్టె వైపు నిలబెట్టి, తాను అటు పోయి నిలబడి మాట్లాడేవాడట. "అటుదిక్కు నిలబడకుండ ఇటుదిక్కు మాట్లాడితే అది వాదన కాదు, లొల్లి" అనేవాడు మామ.

మొదట్లో నాకు అది చేదు మందే. దక్షిణాఫ్రికాను ఏమని పొగడాలో తోచేది కాదు. ఒకరోజు ఉడుక్కుంటూ అన్నాను. "మా అమ్మ ఇప్పపువ్వు కోసం చెట్టెక్కదు మామా. చెట్టు కింద ఆకులూడ్చి జాగ తయారు పెడతది. పువ్వు దానంతటదే ఆడ రాలుతది. మీవోళ్లు కూడ గంతే. బంతి యాడ పడ్తదో ఆడికి మనిషిని ముందే తోలుతరు."

మామ తొడ చరిచాడు. "ఇన్నేండ్ల సంది చూస్తున్న, నాకే తోచలేదు గదనే!" తర్వాత తన వంతు వచ్చింది. కాసేపు మీసం దువ్వుకుని, "శబరికి వరదొస్తే తొవ్వ అడుగుతదా? యాడ సందు దొరికితే ఆడ్నే దూకుతది. మీ న్యూజిలాండోళ్లు గట్ల" అన్నాడు. తన మాట తనకే నచ్చి రెండోసారి కూడా చెప్పుకున్నాడు.

జగదల్‌పూర్‌లో బడుల పోటీల ఫైనల్ వచ్చేసరికి నాకు భయం పట్టుకుంది. నేను బంతిని తన్ననని, ఎప్పుడూ పరుగేనని మా కోచ్ మేడంకు విసుగొచ్చింది. "ఈ మ్యాచ్‌లోనూ అంతే అయితే, రాష్ట్ర జట్టుకు నిన్ను ఫ్లై హాఫ్‌గా పంపను" అని తేల్చేసింది. ఆ స్థానం పోతే నాకు ఆటే లేనట్టు అనిపించింది. ఆ సంగతి మామకు చెప్పాను. ఇప్పపువ్వు సంచులు వేసుకుని వ్యాపారం పేరుతో మాతోపాటు తానూ జగదల్‌పూర్ బయల్దేరాడు.

చివరి నిమిషంలో మేము వెనకబడి ఉన్నాం. బంతి నా చేతికొచ్చింది. ఎదుటి జట్టు మొత్తం గోడ కట్టినట్టు నా మీదికి వస్తోంది. కాళ్లు పరుగు కోసం లాగుతున్నాయి. కానీ ఆ గోడ వెనక మైదానం ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా కనిపించింది. అమ్మ ఊడ్చిన జాగ గుర్తొచ్చింది. మైదానం అంచున మా జట్టు అమ్మాయి కోసి, ఎర్రబోరు పిల్లే, అప్పటికే పరుగందుకుంది. తన్నాను. బంతి నేల తాకి ఒక్కసారి ఎగిరి నేరుగా దాని చేతుల్లో వాలింది. కోసి గీత దాటి బంతిని నేలకు ఆనించింది. గెలిచాం! నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

మామ దగ్గరికి పరిగెత్తాను. గొంతు పూర్తిగా పోయింది ఆయనకు. పక్కనున్న వాళ్లు చెప్పారు, నా చేతికి బంతి వచ్చినప్పుడల్లా "ఉరుకు, ఉరుకు!" అని అరుస్తూనే ఉన్నాడట.

"నువ్వు దక్షిణాఫ్రికా గదా మామా, ఉరుకుమన్నవేంది?"

"నువ్వు న్యూజిలాండ్ గదా," అన్నాడు పీలగా, "తన్నినవేంది?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతే, మైదానం అంచున కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం. మా బంతులు మోసే వల చినిగిపోయి ఉంటే, ఖాళీ అయిన ఒక ఇప్పపువ్వు సంచి దులిపి మామే వాటిని అందులో వేశాడు. నన్ను రాష్ట్ర జట్టుకు ఫ్లై హాఫ్‌గానే పంపారు.

ఆ తర్వాత మా వాదనలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలేవో చెప్పలేను. చాయ్‌కి ముందు ఎవరు ఎటువైపో కూడా కలగాపులగమైపోయింది. పోయిన వానాకాలం మామ కన్ను మూశాడు. ఆ కబురు విన్నప్పుడు చాలా ఏడ్చాను. ఇప్పుడు నా దగ్గర ఆడే పిల్లలకూ అదే నియమం పెట్టాను, చాయ్ అయ్యాక పక్షం మార్చాల్సిందే. వాళ్లు మొదట గొణుగుతారు, తర్వాత నాకంటే గట్టిగా అరుస్తారు.

మొన్న ఆదివారం ఫోన్‌లో ఆ రెండు జట్ల ఆటే వచ్చింది. చాయ్ పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. సగం దాకా న్యూజిలాండ్ తరఫున గోల చేశాను. గ్లాసు ఖాళీ అయింది. అడిగేవాళ్లు ఎవరూ లేకపోయినా పక్షం మార్చాను. ఎవరు గెలిస్తేనేం, మా ఇద్దరిలో ఒకరు గెలిచినట్టే.