మూడో చింతగింజ

పదకొండేళ్ళుగా నేను ఒక చావును మోస్తున్నాను. అది మా నాయనది. ఆయన ఎలా చనిపోయాడన్నది మోయలేని సంగతేమీ కాదు. ఎలా చనిపోయాడని నేను చెప్పానో, అదే బరువు.

నువ్వెవరో నాకు తెలియదు. నీకు చెప్పడానికి కారణం అదే. తెలిసినవాళ్ళకు చెబితే వెంటనే నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, కళ్ళు తుడుచుకుంటారు, ఇంటికెళ్ళి అన్నం తింటారు. నాకు ఆ చెయ్యి వద్దు. నువ్వు జాలిపడే మనిషివైతే ఇక్కడే ఆపెయ్.

యాభై ఏళ్ళు దాటేవరకు నాకు అక్షరం రాదు. మేము ఇద్దరం ఆడపిల్లలం. మా నాయన మామిడి తోటలకు కాపలా ఉండేవాడు. నన్ను మేకల వెంట పంపాడు. చెల్లెలు సరోజను బడికి పంపాడు. అది అయిదో తరగతి దాకా చదివింది. ఎందుకలా చేశావని నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అడగకపోతే మరిచిపోతాననుకున్నాను. మరిచిపోలేదు.

పెద్దయ్యాక ఇద్దరం బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి కుదిరాం. ఆదివారాలు మా వీధి చివర రేకుల మందిరానికి వెళ్ళేవాళ్ళం. అక్కడి పాస్టరయ్య ఒకసారి నాకు ఒక మెమరీ కార్డు ఇచ్చాడు. తిరుపతిలో సువార్త చెప్పేవాళ్ళకు శిక్షణ ఇచ్చే ఒక పెద్దాయన పాఠాలు అందులో ఉన్నాయి. దేవుని గుణాలేమిటి, కృప అంటే ఏమిటి, వాక్యాన్ని ఎలా విడమరచాలి, ప్రసంగం ఎలా మొదలుపెట్టి ఎలా ముగించాలి. చదువు లేనివాళ్ళు విని నేర్చుకోవచ్చు కదా అని పాస్టరయ్య ఉద్దేశం.

ఆ గొంతును నేను విన్నంతగా మా ఆయన గొంతును కూడా వినలేదు. తలగుడ్డ కింద ఇయర్‌ఫోను దాచుకుని, కాయలు కోస్తూ, సొన తగిలి వేళ్ళ మధ్య తోలు ఊడుతున్నా వింటూనే ఉండేదాన్ని. ప్రతి పాఠంలో ఆయన, ఈ మూడు మాటలు పుస్తకంలో రాసుకోండి, అనేవాడు. నాకు పుస్తకం ఎక్కడిది? ఒక్కో మాటకు ఒక్కో చింతగింజ కొంగున ముడి వేసుకునేదాన్ని. ప్రసంగం చెప్పేటప్పుడు ముడిలోని గింజల్ని ఒక్కొక్కటిగా వేలితో తడుముకుంటే మాటలు వరసగా వచ్చేవి. మొదటి గింజ వాక్యానికి అర్థం. రెండోది ఆ అర్థం మన బతుకులో ఎక్కడ తగులుతుందో చెప్పడం. మూడోది సాక్ష్యం. అంటే మన జీవితంలో నిజంగా జరిగినది ఒకటి చెప్పడం.

శుక్రవారం ఆడవాళ్ళ కూడికలో నేను చెప్పడం మొదలుపెట్టాను. సరోజ పక్కన నిలబడి బైబిల్లో వాక్యం చదివేది, నేను వివరించేదాన్ని. అక్షరం రాని మనిషికి ఇన్ని సంగతులెలా తెలుసు, దేవుడే నోట్లో పెడుతున్నాడు అన్నారు అందరూ. మెమరీ కార్డు సంగతి పాస్టరయ్యకు, సరోజకు తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. అది చిన్న తప్పు. దాని కోసం నేను ఇదంతా రాయడం లేదు.

ఆ రోజు వాక్యం, ఇల్లు విడిచిపోయి తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన కొడుకు గురించి. ఆ పాఠంలో పెద్దాయన, సాక్ష్యం ఎలా చెప్పాలో నేను చెప్పి చూపిస్తాను, ఇలా చెప్పండి, అని తన తండ్రి చావు గురించి చెప్పాడు. తండ్రి తల తన ఒళ్ళో ఉందట. నీకు అన్యాయం చేశాను, క్షమించరా, అని కొడుకునడిగి, దేవుని పేరు పలికి కన్ను మూశాడట.

నేను అదే చెప్పాను. నా ఒళ్ళో మా నాయన తల ఉందన్నాను. నన్ను మేకల వెంట పంపినందుకు ఏడ్చాడన్నాను. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. ఆ ఏడుపు నిజమైనది. దాన్ని ఏం చేసుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

చదువు లేనిదాన్ని, ఇలా చెప్పండి అంటే అదే చెప్పాలేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇది. ఇప్పుడు రాస్తుంటే అది నిలబడటం లేదు. ఆ పెద్దాయన తండ్రి బడిపంతులు. నేను చెప్పినప్పుడు తోట కాపలాదారుడయ్యాడు. తెలియక చెప్పినదాన్నయితే బడిపంతులనే చెప్పేదాన్ని కదా? ఆయన కథలో మేకలు ఎక్కడున్నాయి? మార్చవలసినవన్నీ చక్కగా మార్చాను. నాకు తెలుసు.

సరోజ బైబిలు మూసింది.

"మన నాయన అట్ల సావలేదు కదక్కా," అంది. మెల్లగానే అంది.

"నువ్వు కూసో," అన్నాను.

"ఆసుపత్రిలో నేను కదా ఉన్నింది. నువ్వు యాడొచ్చినావు? పెద్దది వచ్చిందా, పెద్దది వచ్చిందా అని మూడుతూర్లు అడిగినాడు. రెండు గుక్కలు నీళ్ళు తాగి గోడ తట్టు తిరుక్కున్నాడు. అంతే కదా జరిగింది."

ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు. అవునమ్మా, పాఠంలో విన్నది చెప్పాను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నవ్వేవాళ్ళు. వారం రోజులు ఫ్యాక్టరీలో ఎగతాళి చేసేవాళ్ళు. అంతకు మించి ఏమయ్యేది?

"సూసినారా?" అన్నాను ఆడవాళ్ళతో. "దేవుడు మనసులు కదిలిస్తా ఉంటే సైతాను ఎవురి నోట్లో దూరినాడో సూసినారా? నా తోడబుట్టిందాంట్లోనే దూరినాడు. పెట్టండి దాని మింద చేతులు."

"నాకేం పట్టలేదక్కా. నేను సరోజనే కదా. వదలమని చెప్పక్కా!"

పట్టలేదనడమే పట్టిన గుర్తు, మా దగ్గర. పదిమంది దాన్ని కింద కూర్చోబెట్టి, నెత్తిన నూనె పోసి, పో పో అని అరిచారు. దాని జడ ఊడిపోయింది. నూనె కళ్ళలోకి కారింది. అందరికంటే గట్టిగా అరిచింది నేను. కొంగులో మూడో గింజను పట్టుకుని అరిచాను.

తర్వాత ప్రతి శుక్రవారం సరోజ కోసం ఉపవాస ప్రార్థన. ఫ్యాక్టరీలో దాని పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు లేకపోయారు. అది ముట్టిన చెంబుతో నీళ్ళు తాగేవాళ్ళు కాదు. పాస్టరయ్య ఆ కార్డు విన్నాడో లేదో నాకు తెలియదు. విని ఊరుకున్నాడని నా అనుమానం. మందిరం నిండుతోంది కదా, ఎందుకు మాట్లాడతాడు? సీజను ముగిసేలోపే సరోజ పలమనేరు దగ్గర ఎవరింట్లోనో ఆవుల పనికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తన బైబిలు నా గడప మీద పెట్టింది. పిలవలేదు.

దాన్ని చదివిపెట్టే మనిషి లేదు. మా వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉంటే, ఆమె దగ్గర కూర్చుని యాభై మూడో ఏట అ ఆలు దిద్దాను. అందరూ మెచ్చుకున్నారు. ఇంత వయసులో జ్ఞానం కోసం ఎంత ఆశ అన్నారు. జ్ఞానమా! వాక్యం చదవడానికి పక్కన ఇంకో మనిషి నిలబడకూడదని నేర్చుకున్నాను.

కూడబలుక్కుని చదవడం వచ్చాక ఆ బైబిలు తెరిచాను. ముందు పేజీలో ఇంట్లో పుట్టినవాళ్ళ, పోయినవాళ్ళ వివరాలు రాసుకోవడం మాలో అలవాటు. అక్కడ సరోజ చేతిరాత ఉంది. నాయన పోయినాడు, అక్క కోసం అడిగినాడు. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి చేతిరాత అది. జిగురు తెచ్చి ఆ పేజీని అట్టకు అంటించేశాను. ప్రతి శుక్రవారం అదే బైబిలు చేత పట్టుకుని నిలబడుతున్నాను.

ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదు? సెలవు దొరకలేదని అప్పట్లో చెప్పాను. సెలవు అడగనే లేదు. ఆయన నా కోసం అడగాలి, నేను వెళ్ళకూడదు అనుకున్నాను. ఆయన అడిగాడు. నేను వెళ్ళలేదు. నేను కోరుకున్నట్టే జరిగింది. అయినా చాలక, ఆయన చేత క్షమించమని కూడా అడిగించాను. చచ్చినవాడు కాదనలేడని.

ఇవన్నీ లోపలే ఉండిపోయేవి. పోయిన సీజనులో ఫ్యాక్టరీలో కాయలు కోస్తుండగా, మా మందిరం మనిషే ఒకామె ఫోనులో పాఠం పెట్టింది. ఇప్పుడవి అందరి ఫోన్లలోకీ వచ్చాయి. అదే గొంతు. తండ్రి తల నా ఒళ్ళో ఉంది, అంటున్నాడు. నా చేతిలో కత్తి ఆగింది. నా దొంగతనం బయటపడిందనుకున్నాను. ఇన్నేళ్ళకు ఊపిరి ఆడినట్టయింది.

"అక్కా, విన్నావా?" అని అరిచింది ఆమె. "నీ సాచ్చెం ఎత్తుకోనిపోయి వాళ్ళ నాయన మింద చెప్పుకుంటా ఉండాడు! ఎంత ధైర్యమో సూడు ఆ పెద్దమనిషికి!"

అందరూ ఆయన్ని తిట్టారు. నేనేం చేశానో తెలుసా? పోనీలే, దేవుడు క్షమిస్తాడులే, అన్నాను. ఎవరి సొత్తు దొంగిలించానో ఆ మనిషినే క్షమించాను. ఎంత మంచిదానివక్కా అన్నారు. వాళ్ళ మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఒక్కదానికైనా అనుమానం రాకూడదా? నన్ను పట్టుకోవడం కూడా చేతకాని మనుషుల ముందు నేను ఇంకెన్నాళ్ళు నిలబడాలి?

పలమనేరు ఎంతో దూరం లేదు. ఒక్క బస్సు ఎక్కితే చాలు. వెళితే సరోజ తిడుతుందని నాకు భయం లేదు. టీ పెడుతుందేమోనని భయం. అది టీ ఇస్తే నేను తాగేసి, అయిపోయింది అనుకుని తిరిగొస్తాను. నా సంగతి నాకు తెలుసు. చెప్పవలసింది మందిరంలో, అవే ఆడవాళ్ళ ముందు, దాని పేరు పెట్టి. వచ్చే శుక్రవారం చెబుతానని నీకు మాట ఇవ్వను. నా మాట ఎంత విలువైనదో ఇప్పటికే చూశావు.

అంటించిన పేజీని నిన్న నీళ్ళతో తడిపి లాగాను. చిరిగింది. సరోజ రాసినది అట్టకే ఉండిపోయింది, చదవడానికి రాదు. అందుకని దాని బదులు నేనే రాస్తున్నాను, నా వంకర అక్షరాలతో.

మా నాయన చనిపోయినప్పుడు నేను అక్కడ లేను. సరోజ ఉంది. సరోజకు ఏ దయ్యమూ పట్టలేదు.

మూడు మాటలు. గింజలు లేకుండానే వచ్చాయి.