సారును ‘ఒరేయ్’ అన్న మెయిల్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: సిస్టమ్ మొరాయిస్తే ఓసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు, బతుకు మొరాయించినా అంతే. నారాయణగూడలో మోటారు పంపులు అమ్మే ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే కుర్రాడిగా చేరి ఆ నమ్మకం పోగొట్టుకున్నాను. ఉండేది అశోక్ నగర్‌లో, గ్రూప్స్ పరీక్షలు ఎన్నిసార్లు రాశాడో తనకే గుర్తులేని ఒక అన్నతో కలిసి ఒక గదిలో. మా నాన్న షరతు ఒకటే: ప్రొబేషన్ గట్టెక్కి ఉద్యోగం పర్మనెంట్ అయితే సరే, కాకపోతే నోరు మూసుకుని ఆ అన్న పక్కన కోచింగ్‌లో కూర్చోవాలి. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీ ముందు జాగా కోసం వరసగా పెట్టిన బ్యాగులను చూస్తూ ఆఫీసుకు నడిచేవాణ్ణి. వాటిలో నా బ్యాగు కూడా ఉన్నట్టే అనిపించేది.

ప్రొబేషన్ చివరి రోజుల్లో ఆఫీసుకు కొత్త మెయిల్ సర్వరు వచ్చింది. పాతదాంట్లోంచి ఒక్కొక్కరి మెయిల్‌బాక్సునూ విడదీసి, కొత్తదాంట్లో మళ్లీ ఎవరి పేరుకు వాళ్లది తగిలించడం నా పని. అన్నీ తగిలించాను, పెద్దాయనది తప్ప. ఆయన మా సారు (అంటే ఎండీ) వాళ్ల నాన్నగారి కాలం నుంచీ అమ్మకాలు చూసిన మేనేజరు. అప్పటికే రిటైరయ్యారు. శాలువా కప్పాం, పులిహోర తిన్నాం, మర్నాడు పొద్దున ఆయన మామూలుగా వచ్చి కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చున్నారు. రావద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

“ఆయన పేరు తీసేసి, ఆ బాక్సును అందరూ చూసుకునే ఉమ్మడి బాక్సుగా మార్చెయ్,” అన్నారు సారు.

“ఆయనకెవరు చెప్తారు సార్?”

“నేను చెప్తాలే.”

చెప్పలేదు. రోజూ పెద్దాయన నన్ను పిలిచి, “ఏమయ్యా, నా మెయిల్స్ రావట్లేదేంటి?” అనేవారు. “సర్వరు కొత్తది కదండీ, సర్దుకుంటోంది,” అని నసిగేవాణ్ణి. మళ్లీ సారును అడిగితే, “నువ్వే మెల్లగా చెప్పరాదూ,” అన్నారు. ఇక నా వల్ల కాలేదు. ఆయన పేరు అప్పటికే తీసేశాను కాబట్టి, ఆ బాక్సును ఉన్న పేర్లలో దేనికో ఒకదానికి తగిలించాలి. నా బాక్సులో ఉన్నవన్నీ ప్రింటరు పనిచేయట్లేదన్న ఫిర్యాదులే. దాన్ని పక్కనపెట్టి, ఆయన బాక్సును నా పేరుకు తగిలించి ఆయన ముందు తెరిచిపెట్టాను. సారు నోరు విప్పేదాకా పాత మెయిల్స్ చదువుకుంటారులే అనుకున్నాను. చదివే మనిషి జవాబు కూడా రాస్తాడనీ, అది నా పేరుతోనే వెళ్తుందనీ తట్టలేదు. (సర్వర్ల సంగతి మాత్రం అంతా తెలుసనుకునేవాణ్ణి.)

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒక్కసారే టింగుమన్నాయి. కొత్త సర్వరు వచ్చిందంటూ సారు అందరికీ పంపిన మెయిల్‌కు, మళ్లీ అందరికీ చేరేలా, నా పేరుతో జవాబు వెళ్లింది: “ఒరేయ్ చినబాబూ, సర్వరు బాగానే ఉంది. ముందు కవాడిగూడ గోడౌనుకు రేకులు మార్పించరా, మోటార్లు తడిసిపోతున్నాయి. ఎన్నాళ్లు చెప్పించుకుంటావు? వేళకు తిండి తిను.” (ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టిన తెలుగే, అయినా ఒక్క ముక్క కూడా అర్థంకాకుండా పోలేదు.)

“ఏంది తమ్మీ, నౌకరీ మీద మనసు పోయిందా? సారును పట్టుకొని గట్ల రాస్తరా?” అంది ముందు టేబుల్ దగ్గర కూర్చునే అక్క. మెట్ల మీదికి పోయి గదిలో నాతో ఉండే అన్నకు ఫోన్ చేశాను.

“అన్నా, నా పనైపోయింది.”

“జర ఆగు, పరేషాన్ గాకు తమ్మీ. కోచింగ్‌ల నా పక్క సీటు ఖాళీనే ఉన్నది. ఫ్యాన్ కిందనే.”

ఓదార్పుగానే అన్నాడు పాపం. ఆ ఫ్యాను మాట వినగానే నాకు నిజంగా ఏడుపొచ్చింది. నాన్నకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ లోపలికి వచ్చేసరికి అందరూ నన్నే వింతగా చూస్తున్నారు. సారు దగ్గర్నుంచి, నా పేరుకు, అందరూ చదివేలా జవాబు వచ్చేసింది: “సరే బాబాయ్. రేకులు వేయిస్తాను.”

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు.

“వీడు నన్ను బాబాయ్ అని ఎన్నేళ్లయిందయ్యా! ఎండీ అయినప్పటి నుంచీ వాడు నన్ను మేనేజర్ గారూ అన్నాడు, నేను వాణ్ణి సార్ అన్నాను. రిటైరయ్యాక ఇంక ఆ బెడద ఎందుకు?”

“అంటే… బాక్సు తీసేసిన సంగతి మీకు తెలుసాండీ?”

“శాలువా కప్పించుకున్నవాణ్ణి, నాకు తెలీదా? చెప్పడానికి మీ ఇద్దరికీ నోరు రావట్లేదనీ తెలుసు. ఈ రేకుల మాట తేలితే పోదామని కూర్చున్నాను. ఆ బాక్సు ఏదో మార్చాలట కదా, మార్చెయ్యి నాయనా.”

చిటికెలో అయ్యే పనే, సాయంత్రం ఆయన వెళ్లాక గానీ చేయలేకపోయాను. మర్నాడు ఆయన రాలేదు. ఆ ఖాళీ కుర్చీ చూసి నాకు దిగులేసింది. సారు నా ఉద్యోగం తీసేయలేదు గానీ ప్రొబేషన్ పొడిగించారు (“అందరి ముందూ నన్ను ఒరేయ్ అనిపించావు, వెంటనే పర్మనెంట్ చేస్తే ఏం బాగుంటుంది చెప్పు?”). గోడౌనుకు రేకులు పడ్డాక నాకూ పర్మనెంట్ ఉత్తర్వు చేతికొచ్చింది. ఈలోగా ఆఫీసంతా నన్ను బాబాయ్ అనడం మొదలుపెట్టింది. మీసం సరిగ్గా రాని ముఖానికి ఆ పిలుపు! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇప్పుడు చెవుల పక్కన నెరిసింది, పిలుపు బాగానే నప్పింది. ఆ కథ తెలియనివాళ్లు కూడా అలాగే పిలుస్తారు. అయినా ఎవరైనా “బాబాయ్” అనగానే నేనింకా ముందు ఆ కిటికీ వైపే చూస్తాను, పలకాల్సింది ఆయనేమోనని.