వాగు దాటనివ్వని సత్యం మామ

నిన్న పొద్దున, ఇక్కడ ఫిజీలోనే ఉన్న మా పుట్టినూరు తవువా నుంచి అక్క ఫోన్. "మామ పోయారే" అంది.

ఇంకేదో చెప్తోంది. నాకు వినపడలేదు. నేనుండే నసీను ఊళ్ళో బస్సులో ఉన్నాను. పక్కనున్న ఆవిడ నా ఫోన్ జారిపోకుండా పట్టుకుంది.

సత్యం మామ మా అమ్మకి తమ్ముడు. చెరకు రైతు. తీరిక దొరికితే మమ్మల్ని తవువా వెనక కొండలెక్కించేవారు.

ఎండాకాలం ఆ దారి సులువు. గడ్డి ఎండి గరగరలాడుతుంది. వాగులో మడమ కూడా తడవదు. వానలు మొదలైతే మాత్రం ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. ఇక ఆ వాగుని నమ్మలేం.

నా పెళ్ళయిన కొత్తలో, ఒక జనవరిలో, ఇక్కడ అది వానాకాలమే, మామ, నేను, మా ఆయన వెళ్ళాం. దిగి వస్తుంటే పైన కొండల్లో ఉరుములు. మా దగ్గర చినుకు లేదు. వాగు మోకాలి లోతు. మా ఆయన షూ విప్పి నీళ్ళలో దిగారు.

మామ ఆయన్ని చొక్కా పట్టి వెనక్కి లాగారు.

"రుకో అల్లుడూ! పానీ రంగు చూడు. మట్టి వస్తాంది."

"టూ మినిట్స్ మామా, దాటేద్దాం."

మామ వదల్లేదు.

అప్పుడు చెప్పారు, వాళ్ళ అవ్వ సంగతి.

అవ్వ గిర్మిట్ కూలీగా, అంటే ఒప్పందం మీద ఇండియా నుంచి ఓడలో తెచ్చిన కూలీగా, చెరకు ఎస్టేట్‌లో పనిచేసింది. కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు దెబ్బలు పడలేక, తనతో ఒకే ఓడలో వచ్చిన పోలమ్మతో కలిసి పారిపోయింది. ఎండాకాలం కట్టెలకి వచ్చి చూసుకున్న దారే. కానీ పారిపోయింది వానల్లో.

ఈ వాగు దగ్గరికొచ్చేసరికి వెనక సర్దారు కేకలు. మోకాలి లోతే కదా అని పోలమ్మ ముందు దిగింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

పైనుంచి నీళ్ళు ఒక్కసారిగా వచ్చాయి. చెయ్యి జారింది.

"అవ్వ మళ్ళీ పరుగెత్తలేదు బేటీ. ఇక్కడే కూలబడింది. సర్దార్ వచ్చి తీసుకుపోయినాడు."

మామ మాట పూర్తి కాలేదు. పెద్ద చప్పుడు. వాగు ఎర్రగా లేచి, ఒక చెట్టు మొద్దుని దొర్లించుకుంటూ పోయింది. ఇందాక మా ఆయన దిగిన చోటు కనపడలేదు.

నీళ్ళు తగ్గేదాకా గట్టు మీదే కూర్చున్నాం. అంతసేపూ మామ మా ఆయన భుజం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

రేపు మామ పాడె మా ఆయన మోస్తారు. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

మా పిల్లలిద్దరూ పుట్టింది ఆ జనవరి తరవాతే మామా.

వెళ్ళి రండి. మీ ఆత్మ చల్లగా ఉండాలి.