బొట్టు పెట్టిన ఫ్లాపీ

సారు పోయిండని ఫోన్ల తెలిసింది. మహబూబాబాద్ల నేను పనిచేసే విత్తనాల డిపో మేనేజరు ఫోన్ పెట్టేసి, "మీ జనగామ టైపాయన పోయిండటనయ్యా, గుండె ఆగిందట" అన్నడు. అప్పుడే నా ముంగట కంప్యూటరు లేవనని మొండికేసి కూసుంది. నాకు కోపమొచ్చింది. ఎవ్వరి మీదనో తెల్వదు. టైపాయన అన్నందుకు మేనేజరు మీదనా, నలభై రెండేండ్లకే పోయినందుకు సారు మీదనా? ఏం జెయ్యాల్నో సమజ్ గాక వంగి మెషీన్ నోట్లకు చూసిన. ఎవరో ఫ్లాపీ అండ్లనే మరిచిండ్రు. తీసిన. మెషీన్ లేచింది. నేను బస్సుకు పోయిన.

"ముందుగాల నోరు చూడు." సారు నాకు నేర్పిన మొదటి మాట గదే.

జనగామల సారుది టైపు ఇన్‌స్టిట్యూట్. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంల సారుకు డిగ్రీ చదువు ఒక ఏడాది ఆగింది. ఆ తర్వాత సర్కారు నౌకరి రాలే. "ఏడాదే పోయింది, నేను పోలే కద" అనేటోడు. నేను మరిపెడ నుంచి వచ్చి అక్కడ టైపు మిషన్లు బాగుచేసేటోణ్ణి. ఒక మిషన్ స్ప్రింగు తెగి నా కుడి బొటనవేలు అడ్డంగ చీలింది, ఆ గీత ఇంక పోలే. చదువు పదో తరగతి దాటలే. పిల్లలు పోయినంక మధ్యాహ్నం నాకు నేనే టైపు నేర్చుకున్న. సారు చూసీ చూడనట్టు ఉండేటోడు.

తర్వాత హైదరాబాద్ల ఏదో ఆఫీసు వదిలేసిన కంప్యూటరొకటి తెచ్చిండు. దాంట్ల రెండు సిస్టములు. ఒకదాంట్ల ఉత్తరాలు కొట్టొచ్చు, ఇంకోదాంట్ల పెద్ద జాబితాలు పెట్టొచ్చు. మాకు తల తిరిగింది. సారు చాక్‌పీసు పట్టి నేల మీద ఇల్లు గీసిండు. "ఒక్కటే ఇల్లు. ఇద్దరన్నదమ్ములు. దర్వాజ ఒక్కటే. పొద్దుగాల ఎవ్వడు లేవాల్నో దర్వాజ మీద రాసుంటది. ఇంకోణ్ణి లేపాలంటే ఆ రాత మార్చాలె, గంతే." ఆ రాత మార్చనీకి ఒక ఫ్లాపీ ఉండె. నల్లటి పల్చని అట్ట, నడుమ పొడుగు సందు, అండ్ల మెరిసే పొర. ఊరు మొత్తంల గదొక్కటే. మెషీన్ నోట్ల ఏ ఫ్లాపీ ఉన్నా ముందు దాన్నే చదువుతది, అది బాగలేకుంటే ఆడనే ఆగిపోతది. అందుకే నోరు చూడుమనుడు.

ఆ ఏడు దసరాకు మిషన్లన్నిటికి పసుపు కుంకుమ పెట్టినం. సారు లోపల కొబ్బరికాయలు సర్దుతుండు. కంప్యూటరుకు పెట్టినంక ఫ్లాపీ కనబడ్డది. అన్నిటికంటె పెద్ద పనిముట్టు గిదే కద, దీనికి పెట్టకుంటె ఎట్ల అనుకున్న. ఉంగరం వేలితోని పెట్టాల్సింది, తొందరల బొటనవేలితోని అద్దిన. ఏడ? ఆ మెరిసే పొర మీదనే, నుదురు లెక్క కనబడ్డది మరి. అద్ది మెషీన్ నోట్ల తోసి వదిలేసిన. పండుగనాడు పనిముట్టు ముట్టరు, ఎవ్వరు చూడలే.

తెల్లారి పరీక్ష. ఇప్పుడు నేను చేస్తున్న ఈ నౌకరికే. కంపెనీ తరఫున ఒకాయన వచ్చిండు. కూసున్నది నలుగురం. అండ్ల కొడకండ్ల అక్క ఒకామె. నాకంటె బాగ కొడుతది, ఇంటికి ఆమె జీతమే దిక్కు. స్విచ్చేస్తే మెషీన్ లేవలే. సారు ఫ్లాపీ గుంజిండు. ఎర్రగ కుంకుమ.

వచ్చినాయన పకపక నవ్విండు. "ఏమండీ, దీనిక్కూడా బొట్టా? కొబ్బరికాయ కొట్టలేదా దీని మీద?"

"కొట్టినం సార్, బయట. లోపల పట్టలే" అన్నడు సారు. "నేనే పెట్టిన. అలవాటు."

చెప్తే ఆ గడియలనే నన్ను బయటకు పంపుతరు. చెప్పలే.

ఫ్లాపీ తీసినంక జాబితాల సిస్టము లేచింది. పరీక్షకు కావాల్సింది ఇంకోటి. రాత మార్చే ఫ్లాపీ పాడైపాయె. "దీన్నెవరైనా మార్చగలరా?" అన్నడు ఆయన. ముగ్గురు తెల్వదన్నరు. సారు నా దిక్కు చూసిండు. "ఏందిరా, నా నోటుబుక్కు దొంగతనంగ చదివినవు కద, చెప్పు." ఫ్లాపీ లేకున్నా, లేచిన సిస్టము లోపలికెల్లి కూడ దర్వాజ మీది రాత మార్చొచ్చని ఆ బుక్కులనే చూసిన. మార్చిన. మెషీన్ ఆపి మళ్ల వేసిన. లేచింది. నౌకరి నాకే ఇచ్చిండ్రు.

నేను చెడగొట్టిన దాన్ని నేనే లేపి నౌకరి తీసుకున్న. గిది గెలుపా, దొంగతనమా? సారును ఒకసారి నిలదీసిన. "ఎందుకు మీద వేసుకున్నరు? మరి అక్క సంగతి?" సారు టైపు మిషన్ మీద దుమ్ము ఊది, "నాకూ తెల్వదుర" అన్నడు. అందరు ఆయనను మంచోడంటరు. మంచితనం ఒకరికి చేస్తే ఇంకొకరికి అన్యాలమైతే దాన్నేమనాలె? నాకు ఇప్పటికీ పరేషానే.

దినాల నాడు ఇన్‌స్టిట్యూటుకు పోయిన. ఇప్పుడు అది నడిపేది కొడకండ్ల అక్కనే. నన్ను చూసి సొరుగు గుంజి కాయితం కవరు టేబుల్ మీద పెట్టింది. అండ్ల ఆ ఫ్లాపీ. కుంకుమ ఎండి గోధుమరంగైంది. నడుమ అడ్డంగ కుంకుమ అంటని ఒక గీత.

"గీ వేలు ఎవ్వరిదో నాకు తెల్వదనుకున్నవా? రెండేండ్ల సంది చూస్తున్న."

"సారుకు తెల్సా అక్కా?"

"అడిగితె నవ్విండు. బొట్టు పెట్టింది పారెయ్యద్దన్నడు. ఇంకేం చెప్పలే."

నేను క్షమించమందామని నోరు తెరిచిన. అప్పటికే క్లాసు పిల్లలొస్తున్నరు. అక్క నా దిక్కు చూడకనే వంగి, ముందుగాల మెషీన్ నోరు చూసింది. ఖాళీ. స్విచ్చేసింది. అది లేచేదాక ఇద్దరం నిలబడ్డం, నడుమ టేబుల్ మీద నా వేలిగుర్తు.